బురద కాళ్ళకు ప్రవేశం లేదు

నలుగురు కూడిన చోట అందరికంటే ముందు తానే మాట్లాడడం కుమ్మరి గవరయ్యకు అలవాటు. అది మిగిలినవాళ్ళ గొంతు అరగకుండా తాను చేస్తున్న ఉపకారమని అతని నమ్మకం.

కుమ్మరి సందులో మోకాలి లోతు బురద. కావడి ఎత్తుకుని సంతకు బయలుదేరితే సగం కుండలు దారిలోనే పెంకులయ్యేవి. సభలో చెప్పుకుందామా అంటే, బురద తొక్కినవాడు కాళ్ళు కడుక్కున్నా ఆ రోజు గడప దాటరాదని నగరపెద్ద విరూపాక్షయ్య నియమం పెట్టాడు.

గవరయ్య గడప బయట నిలబడే అరిచాడు. "దొరా, మా సందంతా బురద!"

"బురదా? ఏడాదిగా ఈ సభలో ఒక్కడూ ఆ మాట ఎత్తలేదే!" అన్నాడు విరూపాక్షయ్య.

"చిత్తం. అదే మాట తమరు మా సందులోకొచ్చి చెబితే, మావాళ్ళు సిగ్గుపడి నోరు మూసుకుంటారు."

విరూపాక్షయ్య మీసం దువ్వుకుని పల్లకి ఎక్కి బయలుదేరాడు. ఇరుకు సందులో పల్లకి పట్టలేదు. దిగి నడిస్తే పదడుగుల్లోనే మోకాళ్ళదాకా కూరుకుపోయాడు.

తిరిగొచ్చేసరికి బంట్రోతు గడపకు అడ్డంగా నిలబడ్డాడు. "తమరి ఆజ్ఞే దొరా, నన్నేం చెయ్యమంటారు?"

"ఆ నియమం ఈ క్షణమే రద్దు!"

"అయితే నేనూ రావచ్చన్నమాట," అంటూ గవరయ్య వెనకే లోపలికి నడిచాడు. "ఇప్పుడు సెలవియ్యండి, మా సందులో బురద ఉందా?"

విరూపాక్షయ్య తన పట్టుపంచె కేసి చూసుకుని, రాళ్ళు పరిపించమన్నాడు.

రాళ్ళు పరిచి ఏడాదైంది. పంచె ఎగ్గట్టకుండా ఆ సందులో నడవడం మాత్రం గవరయ్యకు ఇంకా చేతకాలేదు.