అతుకుల పరీక్ష

ముందు ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టు. ఊఁ కొడతావా మరి? కొట్టకపోతే మధ్యలోనే ఆపేస్తా, నా సంగతి నీకు తెలుసుగా.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఏ వీధిలోకెళ్ళినా మగ్గాల చప్పుడే. అక్కడ భావనమ్మ అని ఒక తల్లి ఉండేది. మగ్గం మీద పాత పడుగు, అదే నిలువు దారాల వరస, అయిపోవస్తే, దాని పోగులకి కొత్త పోగుల్ని ఒక్కొక్కటే అతకాలి. ఆ పనిలో ఆవిడది అందె వేసిన చెయ్యి. వేలికి కాస్త బూడిద రాసుకుని, రెండు పోగులూ కలిపి ఇలా నులిమిందంటే, అతుకు ఎక్కడుందో బ్రహ్మదేవుడికి కూడా కనపడదు.

అయితే ఆ ఊళ్ళో ఒంటరిగా ఎవరూ అతకరు. ఎదురుగా ఒకరు కూచుని పోగు అందించాలి, ఇవతల ఒకరు అతకాలి. అందించే మనిషి లేకపోతే అసలు పని మొదలే పెట్టరు. అది వాళ్ళ పద్ధతి.

భావనమ్మకి హైమావతి అని ఒక్కగానొక్క కూతురు. ఆరో తరగతి. అన్నీ వచ్చు పిల్లకి, ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి మాత్రం నోట మాట రాదు. అందులో ఒకసారి తప్పింది కూడా. అప్పుడు వాళ్ళ నాన్న మార్కండేయులు తెగేసి చెప్పాడు. "ఈసారీ తప్పిందంటే బడి మానిపించి కండెలు చుట్టిస్తా. అంతే!"

కండెలంటే ఏంటా? నేతకి దారం చుట్టి పెట్టుకునే చిన్న చిన్న గొట్టాలు. మధ్యలో అడ్డొస్తే మర్చిపోతాను, ఆగు.

ఆ మాటకి భావనమ్మ గుండె గుభేలుమంది. చిన్నప్పట్నుంచీ కండెలు చుట్టీ చుట్టీ తను అక్షరం ముక్క నేర్చుకోలేదు. నా పిల్లకి ఈ రాత వద్దు తండ్రీ అని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆ తర్వాత కూతుర్ని పిలిచి, "ఏది రావట్లేదే నీకు?" అని అడిగింది.

"తోకలమ్మా. మాటల చివర తోకలు అతకాలి. ఒక్కోదానికి ఒక్కో రకం. అంతా అయోమయంగా ఉంది."

"ఓస్, అతకడమేనా! నేనుండగా నీకు అతుకులు రాకపోవడమేంటే? రా, కూచో. మాట నేనందిస్తా, తోక నువ్వతుకు."

మొదటి రోజు పుస్తకంలో ఉన్న 'మేక్' అనే మాట కూతురి చేత చదివించుకుని, భావనమ్మ దాన్నే అందించింది. హైమ దానికి 'ఇంగ్' అనే తోక తెచ్చింది. తెచ్చి, అతికేముందు మాట చివరున్న 'ఈ'ని కొట్టేసింది.

"అయ్యయ్యో! ఉన్న పోగుని తెంపుతావేమే!" అని భావనమ్మ లబలబలాడింది.

"తెంపాలమ్మా. అట్లా అయితేనే అతుకుతుందని పంతులమ్మ గారు చెప్పారు."

రెండో రోజు 'రన్' వచ్చింది. ఈసారి భావనమ్మ తెలివిగా, "ఊఁ, చివరిది తెంపు" అంది.

"దీన్ని తెంపకూడదమ్మా. చివరి 'ఎన్' పక్కన ఇంకో 'ఎన్' పెట్టాలి."

"నిన్న ఉన్నది తీశావు, ఇవాళ లేనిది తెచ్చావు. ఇదెక్కడి న్యాయమే?" అని భావనమ్మ బుగ్గన వేలేసుకుంది.

మూడో రోజు 'బేబీ' వచ్చింది. ఒక్క పాపని చాలామంది పాపల్ని చెయ్యాలి. "తియ్యాలా, పెట్టాలా? ముందే చెప్పు" అంది భావనమ్మ.

"రెండూనమ్మా. చివర కొంకిలా ఉంది చూశావా, అది వై. అది తీసేసి ఐ పెట్టాలి. అప్పుడు ఒక 'ఈ'. ఆ తర్వాత ఎస్."

"మొన్న పారేసిన 'ఈ'యేనా ఇది?"

హైమ పకపకా నవ్వింది. భావనమ్మ మాత్రం నవ్వలేదు. ఇంకో మాట మీద వేలు పెట్టి, "దీనికీ ఆ కొంకి ఉందిగా, దీన్నీ తీసెయ్" అంది.

"అది 'ప్లే' అమ్మా. దాన్ని ముట్టుకోకూడదు."

భావనమ్మకి తల గిర్రున తిరిగింది. "ఈ ఇంగ్లీషోళ్ళు మగ్గం ముందు కూచుంటే చీర అయినట్టే!" అంటూ బూడిద చేత్తోనే తల పట్టుకుంది.

కానీ చూశావా, అమ్మ ఎదురుగా కూచుంటే హైమకి అన్నీ వచ్చేవి. ఒక్కతే కూచుంటే మళ్ళీ మొదటికే. అమ్మకేమో అది వింతగా అనిపించలేదు. ఒంటరిగా ఎవరతుకుతారులే అనుకుంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. హైమకి పెరుగన్నం పెట్టి బడికి పంపింది భావనమ్మ. పంపి, పనికి కూచుందో లేదో, ఉలిక్కిపడి లేచింది. "ఓసి నా మతి మండా! అక్కడ పిల్లకి అందించేదెవరు?" పని అక్కడే వదిలేసి, చెంగు బిగించి, బడికి పరుగు తీసింది.

తిన్నగా తరగతి గదిలోకెళ్ళి, హైమ ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని కూచుంది. "ఊఁ, మేక్" అంది.

పిల్లలంతా గొల్లుమన్నారు. పంతులమ్మ గారు గబగబా వచ్చి, "ఎవరమ్మా మీరు? పరీక్ష జరుగుతోంది ఇక్కడ!" అన్నారు.

"తెలుసండీ. అతుకుల పరీక్షేగా. అందించడానికొచ్చా."

"ఎవరి పరీక్ష వాళ్ళే రాయాలమ్మా."

"ఒక్కతే ఎట్లా అతుకుద్దండీ?"

పిల్లలు బల్లలు కొట్టి మరీ నవ్వారు. హైమ మొహం కందిపోయింది. తలెత్తకుండా, "పరువు తీస్తున్నావు. పో అమ్మా ఇంటికి" అంది.

ఎంత మాట! భావనమ్మకి కళ్ళనీళ్ళు గిర్రున తిరిగాయి. లేచి బయటికొచ్చేసింది. ఇంటికి పోదామంటే కాళ్ళు రాలేదు. ఆ గది కిటికీ కిందే చతికిలబడింది. నేనేం తప్పు చేశాను, అందించడం కూడా తప్పేనా అని ఎంత ఆలోచించినా అంతు చిక్కలేదు. తనకి తెలీకుండానే నోరు మాత్రం పైకే అందిస్తూ ఉంది. "మేక్... రన్... బేబీ..."

గంట కొట్టారు. హైమ పరుగున వచ్చి అమ్మ ఒళ్ళో పడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"రాయలేకపోయావా తల్లీ?"

"రాశానమ్మా. నిన్ను పొమ్మన్నాను."

"పోనీలేవే. నేనెక్కడికి పోయాను గనక!" అని భావనమ్మ చెంగుతో పిల్ల కళ్ళు తుడిచింది.

ఆ తర్వాత పేపర్లు దిద్ది ఇచ్చారు. రెండు మూడు తోకలు వంకరపోయాయి గానీ, హైమ గట్టెక్కేసింది! మార్కండేయులు ఇక కండెల మాట ఎత్తలేదు. భావనమ్మ సంబరం చూడాలి. "కిటికీ కింద కూచుని నేనందించబట్టేగా!" అని వీధి వీధంతా చెప్పుకొచ్చింది.

అప్పుడు హైమ అమ్మ మెడ చుట్టూ చేతులేసి, చెవిలో చెప్పింది. "అమ్మా, నీ గొంతు వినిపిస్తూనే ఉంది. కానీ నువ్వందించిన మాటలు ఒక్కటీ పేపర్లో రాలేదమ్మా."

భావనమ్మ తెల్లబోయింది. "మరెట్లా అతికావే?"

"నువ్వక్కడ ఉన్నావుగా."

భావనమ్మకి ఇదీ అర్థం కాలేదు. అర్థం కాకపోయినా, పిల్లని మాత్రం గట్టిగా దగ్గరికి లాక్కుంది.

కథ కంచికి వెళ్ళింది,
కునుకు కంటికి వచ్చింది.
ఇంకేమీ అడగొద్దు నన్ను,
మూసెయ్ నీ కన్ను!