షరాబు తలపాగా

పైడిగట్టు సంస్థానాన్ని ఏలే నరసింగదేవుగారికి ఒకనాడు భోజనమయ్యాక, తాంబూలం నములుతుండగా ఓ కోరిక పుట్టింది. రాజులకు చిత్రమైన కోరికలు పుట్టేది ఆ వేళలోనే. ఆకలి మీదున్న రాజుకు అన్నం తప్ప వేరే ఆలోచన రాదు.

"తన పనిలో ఏనాడూ తప్పు చేయనివాడు మా కొలువులో ఉన్నాడా? ఉంటే వచ్చే శుక్రవారం నిండు సభలో బంగారు కడియం బహూకరిస్తాం!"

సభంతా తలవంచుకుంది. వంటల పెద్ద మొన్నటి పులిహోర గుర్తొచ్చి స్తంభం చాటుకు జరిగాడు. ఆ పులిహోరది వేరే కథ. ఉప్పు రెండుసార్లు పడిందని చెప్పుకుంటే చాలు.

లేచింది ఒక్కడే, షరాబు మారిశెట్టి. ఊళ్లో హుండీ కాగితాలు తీసుకుని సొమ్మిచ్చేది ఆయనే. ఆయన నెత్తిన జరీ అంచు పసుపు తలపాగా ఉంటుంది. అలాంటిది ఊరు మొత్తంలో ఇంకోటి లేదు.

"నేనున్నాను మహాప్రభో! పుట్టి బుద్ధెరిగాక తప్పన్నది నా దుకాణం గడప తొక్కలేదు."

రాజుగారి పక్కన తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడే పేర్రాజు నవ్వాపుకోవడానికి గబుక్కున ఓ వక్కపలుకు నోట్లో వేసుకున్నాడు. తాంబూలం అందించడం చిన్న పనేం కాదు. మంత్రి మాట రాజుగారికి చేరాలంటే పది అడుగులు దాటాలి. పేర్రాజు మాటకు చెవి పక్కనే ఉంటుంది.

అంతలో ద్వారం దగ్గర గోల. గాజులమ్ముకునే నూకాలు భటుల్ని తోసుకుని లోపలికొచ్చింది.

"తప్పు చెయ్యలేదా? నా కొంప ముంచాడు బాబూ ఈ శెట్టి!"

సంగతేమిటంటే, నూకాలు రేవుపట్నంలో గాజులమ్మి, దారిలో దొంగల భయం కొద్దీ రొక్కం అక్కడి షావుకారుకిచ్చి, ఇక్కడ మారిశెట్టి చెల్లించేలా హుండీ రాయించుకుంది. ఇప్పటి చెక్కుకు హుండీ తాతలాంటిది. కాగితం దొంగ చేతిలో పడితే ఎలాగని, 'తెలిసిన పెద్దమనిషి పూచీ మీదనే చెల్లించవలెను' అని దాని మీద రాసేవారు. చెక్కు మీద అడ్డగీతలు గీసి, సొమ్ము ఖాతాలోనే వెయ్యాలనడం మనవడి కాలం నాటి తెలివి. భయం మాత్రం తాతదే.

సత్రంలో నూకాలు కునుకు తీస్తుండగా ఎవడో ఆ హుండీ కొట్టేశాడు. ఆమె కంటే ముందొచ్చి, మారిశెట్టి దగ్గర సొమ్ము పట్టుకుపోయాడు.

"పూచీ ఎవరిచ్చారు శెట్టీ?" అన్నాడు రాజు.

"అదంతా పాతకాలపు రాత మహాప్రభో! ఇప్పుడెవరు అడుగుతున్నారు? కాగితం అసలుది, ముద్ర అసలుది. ముఖాలు చూడటం నా పని కాదు."

"పెళ్లిళ్ల రోజులొచ్చేశాయి బాబూ" అంది నూకాలు కళ్లొత్తుకుంటూ. "సరుకు కొనకపోతే బండీ ఎద్దులూ అమ్ముకోవాల్సిందే."

రాజు తల గోక్కున్నాడు. పేర్రాజు ఆకుకు సున్నం రాస్తూ అన్నాడు:

"శుక్రవారం దాకా ఆగండి ప్రభూ. తప్పెవరిదో శెట్టిగారి నోటే చెప్పిస్తాను."

"నా నోటా!" అని మారిశెట్టి పకపకా నవ్వి, నవ్వుతూనే ఇంటికెళ్లి, సన్మానానికి గంజి పెట్టి తెమ్మని తలపాగాను చాకలి పోలయ్యకిచ్చాడు.

ఆ సాయంత్రమే ఆ సంగతి తెలిసి, పేర్రాజు పోలయ్య ఇంటికెళ్లి తన ఉపాయం చెప్పాడు. పోలయ్య బిక్కచచ్చిపోయాడు.

"నా తల పోదు కదా బాబూ?"

"రాజుగారి చెవిన వేశానులే. తలపాగా ఊడితే ఊడుతుంది గానీ తల పోదు."

శుక్రవారం వచ్చింది. మారిశెట్టి గంధం పూసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తలపాగా రాలేదు. కోటలో నగారా మోగింది. అయినా రాలేదు. ఇక ఆగలేక బోడితలతో పరుగెత్తాడు.

సభలో అడుగుపెట్టేసరికి కళ్లు తిరిగాయి. జరీ అంచు పసుపు తలపాగా కనుబొమల దాకా దించుకుని ఎవడో రాజుగారి ముందు నిలబడి ఉన్నాడు. వాడి చేతికి పేర్రాజు కడియం తొడుగుతున్నాడు!

"ఆపండి! వీడు నేను కాదు! చాకలి పోలయ్య!"

"తలపాగా అసలుదే కదా శెట్టిగారూ?" అన్నాడు పేర్రాజు.

"తలపాగా నాదే! లోపలి తల నాది కాదు!"

"తలలు చూడటం నా పని కాదండీ. తలపాగా చూశాను, కడియం ఇచ్చేశాను."

మారిశెట్టికి ఒళ్లు మండిపోయింది.

"ఊళ్లో నన్నెరగని వాళ్లున్నారా? తెలిసిన పెద్దమనిషిని ఒక్కణ్ణి 'ఇతను మారిశెట్టేనా' అని అడిగితే నీ సొమ్మేం పోయింది? అడక్కుండా ఇచ్చిన వాడిదే తప్పు! నా కడియం నాకు ఇచ్చుకోవలసిందీ వాడే!"

పేర్రాజు రెండు చేతులూ జోడించాడు.

"నూకాలూ, శెట్టిగారు తీర్పు చెప్పేశారు. కొంగు పట్టవే!"

నవ్వులతో కప్పు ఎగిరిపోతుందనిపించింది. మారిశెట్టి బోడితల తడుముకుని తనూ నవ్వాడు. మొండివాడు కాడు పాపం, గొప్పలెక్కువ, అంతే. మనిషిని పంపి దుకాణం నుంచి సొమ్ము తెప్పించి, నూకాలు చేతిలో అణా పైసలతో సహా పోశాడు.

రాజు పోలయ్య చేతి కడియం తీయించి, వాడికి కొత్త పంచెల చాపు ఇప్పించాడు. తర్వాత పేర్రాజును దగ్గరికి పిలిచాడు. కడియం తొడగబోయి టక్కున ఆగాడు.

"ఉండు. ఇతను పేర్రాజేనని ఏమిటి నమ్మకం? తెలిసిన పెద్దమనిషెవరైనా పూచీ ఉండాలి!"

వెనకనుంచి బోడితలతో మారిశెట్టి చెయ్యెత్తి అరిచాడు:

"ఇతనే మహాప్రభో, ముమ్మాటికీ ఇతనే! నేను పూచీ!"