లాప్‌టాప్ మూత మీద చుక్కల చీటీ

బాపట్లలోని ఒక అంధ యువతుల వసతిగృహంలో వింధ్యావళి అనే రిటైరైన టీచరమ్మ పాఠాలు చదివి రికార్డు చేస్తుండేది. ఏ సంగతైనా కాగితం మీద రాసుకోవడమంటే ఆవిడకు మహా నామోషీ.

ఆమె జ్ఞాపకశక్తి అలాంటిది మరి. ముప్ఫై ఏళ్ళ కిందటి హాజరుపట్టీలో పేర్లు వరస తప్పకుండా చెప్పేది. ఎవరైనా జేబులోంచి చీటీ తీస్తే చాలు, "ఏం, తల అద్దెకిచ్చావా?" అని నవ్వేది.

ఆ ఏడు వసతిగృహంలో పదకొండు మంది అమ్మాయిలు టీచరు ఉద్యోగ పరీక్షకు చదువుతున్నారు. కొత్త పుస్తకాలు బ్రెయిలీ లిపిలో ఇంకా రాలేదు. వింధ్యావళి గొంతే వాళ్ళకు పుస్తకం. ఆమె సామాన్ల గది ఖాళీ చేయించి, బయటి చప్పుడు రాకుండా గోడలకు బొంతలు వేలాడదీసి, నెత్తి మీది ఫ్యాన్ కూడా ఆపేసి, చెమటలు కారుతున్నా చదివేది. ఒక్కటే చిక్కు. లాప్‌టాప్ వేడెక్కినప్పుడల్లా దాని లోపలి చిన్న ఫ్యాన్ బుస్సుమనేది. ఆ బుస పాఠంలో పడేది.

రిపేరు షాపు సుభానీ వచ్చి, ఆ ఫ్యాన్ వేగం మార్చుకునే ఏర్పాటు చేసిపెట్టాడు.

"మేడమ్, చదివేటప్పుడు వేగం తగ్గించుకోండి. పాఠం కాగానే 'ఆటో' మీద పెట్టేయండి. అప్పుడు వేడిని బట్టి అదే తిరుగుతుంది. ఈ మూల అంకె చూశారా? అది లోపలి వేడి. ఎనభై అయిదు దాటిందంటే పని ఆపి చల్లారనివ్వాలి. ఇదంతా చీటీ రాసి మూతకి అంటిస్తాను" అన్నాడు.

"చీటీయా? నాకా?" అంది వింధ్యావళి. "ఆ జిగురు దాచుకో నాయనా, ఇంకెవరికైనా పనికొస్తుంది."

నెలన్నర పాటు ఆమె ఒక్కసారి కూడా మర్చిపోలేదు. వేగం తగ్గించేది, చదివేది, మళ్ళీ ఆటో మీద పెట్టేది. మర్చిపోలేదన్న సంగతి రోజూ భోజనాల దగ్గర అందరికీ చెప్పేది కూడా.

తెల్లవారితే పరీక్ష. ఒక్క పాఠం మిగిలింది. పిల్లల మనస్తత్వం గురించిన పాఠం. ప్రశ్నలు ఎక్కువగా అందులోంచే వస్తాయని పదకొండు మందీ దాని కోసం కాచుకుని ఉన్నారు. వింధ్యావళి పొద్దున్నే కూర్చుని గంటన్నర ఏకబిగిన చదివింది. చివరి మాట పలికేసరికి ఆమెకే ముచ్చటేసింది. ఇంత బాగా ఎన్నడూ చదవలేదు. ఆ సంబరంలో పాఠంలోని దగ్గులూ మూలుగులూ తీసేసే పని లాప్‌టాప్‌కి అప్పజెప్పింది. అది దానికి బరువైన పని. అది పూర్తయ్యాక అంతా ఒకేసారి భద్రం చేయొచ్చులే అనుకుంది.

అమ్మాయిలలో పెద్దదైన రాహేలు భోజనానికి పిలవడానికి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

"టీచరుగారండీ, రోజూ పాఠం అయ్యాక ఫ్యాన్ చప్పుడు వినబడేది. ఇవాళ లేదేంటండీ?"

"చప్పుడు లేకపోతే సంతోషించక! నాకే గుర్తుచేసేంత దానివయ్యావుటే?" అని వింధ్యావళి నవ్వుతూ ఆమె భుజం పట్టుకుని భోజనానికి నడిపించింది.

తిరిగొచ్చేసరికి లాప్‌టాప్ నల్లగా ఆరిపోయి ఉంది. ముట్టుకుంటే పెనంలా కాలింది. ఫ్యాన్‌ని ఆటో మీద పెట్టనే లేదు. గంట తర్వాత అది చల్లారి తెరుచుకుంది గానీ, పాఠం లేదు.

వింధ్యావళి గదిలోంచి బయటికొచ్చింది. వరండాలో అమ్మాయిలు అప్పటికే వరసగా కూర్చుని ఉన్నారు. లాప్‌టాప్ పాడైందని చెబితే ఎవరూ కాదనరు. ఒక్క రాహేలు తప్ప ఎవరికీ అనుమానం కూడా రాదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్న ఆ పదకొండు ముఖాలనూ చూసి ఆమె దాన్ని మింగేసింది.

"అమ్మాయిలూ, యంత్రం తప్పేం లేదు. నేనే మర్చిపోయాను. మీ పాఠం పోయింది" అంది.

రాహేలు లేచి ముందుకొచ్చింది. ఇలా అంది: "మా జ్ఞాపకశక్తిని కూడా అందరూ తెగ మెచ్చుకుంటారండీ. అయినా మేం బ్రెయిలీ చుక్కలు గుచ్చి పెట్టుకుంటాం. ఉప్పు డబ్బా మీద కూడా. బుర్రని పాఠానికి దాచుకోవాలి గానీ ఉప్పు డబ్బాకి ఎందుకండీ?"

వింధ్యావళికి నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. "అయితే గుచ్చవే. నేను చెబుతాను" అంది.

రాహేలు బ్రెయిలీ పలక మీద దళసరి కాగితం బిగించి సూదిమొనతో చుక్కలు పొడిచింది. ఆ చుక్కల కిందే వింధ్యావళి కలంతో గుండ్రంగా రాసింది: వేగం తగ్గించు. పావుగంట చదువు. భద్రం చెయ్యి. ఆటో మీద పెట్టు. వేడి అరవైకి దిగాక మళ్ళీ మొదలుపెట్టు.

చీటీని లాప్‌టాప్ మూతకి అంటించి ఇద్దరూ గదిలో కూర్చున్నారు. వింధ్యావళి చదువుతుంటే, రాహేలు చీటీ మీద వేలుంచి వింటూ కాపలా కాసింది. "ఆటో అండీ!" అని రాహేలు అరిచినప్పుడల్లా చిన్న ఫ్యాన్ బుస్సుమనేది. ఆ బుస వింధ్యావళికి మొదటిసారి తీయగా వినిపించింది. ఎండ దిగకముందే పాఠం పూర్తయింది. గొంతు కాస్త బొంగురుపోయింది, అంతే.

ఆ పరీక్షలో ఎనిమిది మందికి ఉద్యోగాలొచ్చాయి. మొదటి పేరు రాహేలుదే. తర్వాత ఒకరోజు సుభానీ లాప్‌టాప్ శుభ్రం చేయడానికి వచ్చి, మూత మీది చీటీ చూసి పకపకా నవ్వాడు.

"మేడమ్, తల అద్దెకిచ్చారా?"

"ఇచ్చానయ్యా, నా శిష్యురాలికే ఇచ్చాను" అంటూ వింధ్యావళి ఆ చుక్కలను వేలితో తడిమింది. హాజరుపట్టీ పేర్లు అప్పజెప్పినప్పుడు కూడా ఆమె అంత గర్వంగా తలెత్తలేదు.

నీతి: నేను మర్చిపోనని గొప్పలు చెప్పేవారి కన్నా, మర్చిపోతానేమోనని ముందే రాసి పెట్టుకునేవారే నమ్మదగినవారు.