నీలం చుక్క

"ఏమర్రా, పరీక్షలో నూటికి తొంభై ఎనిమిది వచ్చినవాడికి పాఠం వచ్చినట్టేనా?" అని అడిగింది అమ్మమ్మ.

"వచ్చినట్టే. అది కూడా అడగాలా?" అన్నాడు పెద్ద మనవడు.

"నీకెప్పుడైనా వచ్చాయేంటి అన్ని?" అంది వాడి చెల్లెలు.

"కొట్టుకోకుండా వినండి మరి," అని అమ్మమ్మ మొదలుపెట్టింది.

తవిటినాయుడు కంప్యూటరు చదువు ముగించి డాక్టరు వరహాలమ్మగారి దగ్గర శిష్యుడిగా చేరాడు. వాళ్ల వైపు కొందరు ఆడవాళ్లు చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అంగిట్లో పుండు పడితే చిన్న ముక్క కోసి, పల్చటి పొరగా గాజు స్లైడు మీద పరిచి ఆవిడకు పంపుతారు. అది క్యాన్సరో కాదో ఆవిడ మైక్రోస్కోపులో చూసి చెబుతారు. ముప్ఫై ఏళ్లుగా అదే పని.

నాయుడు ఆవిడ బీరువాలోని నాలుగు వేల స్లైడులకు ఫొటోలు తీసి, రోగం పోల్చుకోవడం యంత్రానికి నేర్పాడు. అది నూటికి తొంభై ఎనిమిది సరిగ్గా చెబుతోంది. ఇలాంటి డాక్టరు లేని కొండ ఊళ్ల ఆసుపత్రులకు సోమవారం దాన్ని పంపాలి. అది "ఏమీ లేదు" అంటే అక్కడ మనిషిని ఇంటికి పంపేస్తారు.

వరహాలమ్మగారి సంతకం ఒక్కటే మిగిలింది. వారం రోజులుగా ఆవిడ సంతకం పెట్టకుండా, నాయుడు తీసిన ఫొటోలే ఒక్కొక్కటీ తిరగేస్తున్నారు.

నాయుడికి ఉక్రోషం వచ్చింది. "మేడమ్, రోజుకు అరవై స్లైడులు చూస్తే మీకు కళ్లు మండుతాయి. దానికి మండవు కదా."

"అదృష్టం దానిది," అన్నారావిడ.

డ్రాయరు లాగి కొత్త గాజు స్లైడు తీశారు. జేబులోని నీలం పెన్నుతో దాని మీద ఒక చుక్క పెట్టారు.

"ఇది చూపించు."

"ఇందులో ఏమీ లేదు కదా మేడమ్," అని నవ్వాడు నాయుడు.

"ఆ మాట దాన్ని చెప్పనీ."

నాయుడు ఫొటో తీసి యంత్రానికిచ్చాడు. తెర మీద జవాబు వచ్చింది: క్యాన్సర్.

అతని నవ్వు ఆగిపోయింది. వరహాలమ్మగారు పాత పెట్టెలోంచి ఇంకో స్లైడు తీశారు. దాని మీదా నీలం చుక్క ఉంది. రోగం కనబడిన చోట, తర్వాత చూసే డాక్టరు వెతుక్కోకుండా, ముప్ఫై ఏళ్లుగా ఆవిడ పెడుతున్న గుర్తు అది. రోజూ చూస్తూనే ఉన్నా నాయుడు ఏనాడూ దాన్ని పట్టించుకోలేదు.

ఆవిడ దూదికి స్పిరిట్ అద్ది చుక్క తుడిచేశారు. "ఈ స్లైడు ఎవరిదో ఆమెకు క్యాన్సరని పోయిన నెలే ఆపరేషన్ అయింది. ఇప్పుడు చూపించు."

తెర మీద జవాబు వచ్చింది: ఏమీ లేదు.

నాయుడు ఆవిడ వైపు తిరిగాడు. "మేడమ్... సోమవారం..."

"ఆ ఊళ్లలో చుక్క పెట్టేవాళ్లు లేరు నాయుడూ," అన్నారావిడ మెల్లగా.

నాయుడు కంప్యూటరు కట్టేశాడు. దూదినీ స్పిరిట్ సీసానీ దగ్గరికి లాక్కుని, మళ్లీ ఫొటోలు తీయడానికి మొదటి పెట్టె తెరిచి, మొదటి స్లైడు చేతిలోకి తీసుకున్నాడు.

"అన్నీ తుడిచాడా అమ్మమ్మా? నాలుగు వేలూ?" అంది మనవరాలు.

అమ్మమ్మ మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. "చిక్కుడుకాయలు సగం ఈనెలు తీసి అలాగే వదిలేసి వచ్చాను," అంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.