కొట్టడానికి భయపడిన చక్రం

మరబొమ్మల చేత యుద్ధాలు చేయించి మురిసిపోయే ఒక రాజ్యంలో, పంకా మోటార్లకు తీగ చుట్టి బతికే పైడమ్మ ఉండేది. ఎవరో పారేసిన మిక్సీ మోటారుకు ఆవిడ బండిచక్రపు ఇనప పట్టా ముక్క బిగించి తన బొమ్మకు ఆయుధం చేసింది. రాజుగారి ముందు జరిగే బొమ్మల పోటీలో గెలిస్తే కోట ఆయుధాల పని ఆమెది. ఓడితే కొట్టు మూసెయ్యాలి.

ఎదుట దివానుగారి బొమ్మ. దాని చేతిలో రాజముద్ర వేసిన వెండి అంచు చక్రం గిర్రున తిరుగుతోంది.

"ఏమే, ఈ పాత సామానుతోనా నాతో పోటీ?" అన్నాడు దివాను.

"అవును బాబూ. ఒక్క సందేహం. రాజముద్ర ఉన్న వస్తువుకు గీత పడితే కొలువు ఊడుతుందని తమరే చట్టం చేశారు. మీ చక్రం నా ఇనుముకు తగిలి పెచ్చు లేస్తే ఎవరి కొలువు పోతుంది?"

"నడిపినవాడిది!" అని దర్జాగా అనేసి, దివాను గతుక్కుమన్నాడు. నడిపేది తనే.

పోటీ మొదలైంది. పైడమ్మ బొమ్మ మీదికొస్తుంటే దివాను బొమ్మ చక్రాన్ని వీపు వెనక దాచుకుని గోడవారకు నక్కింది. పట్టా ముక్క ఠంగున తగిలి దాని కాళ్లు రెండూ ఊడిపడ్డాయి.

రాజుగారు పకపకా నవ్వి, "ఇంత చవక సామానుతో ఎలా గెలిచావమ్మా?" అని అడిగారు.

"నాది విరిగితే ఇంకో ముక్క బిగించుకుంటాను ప్రభూ, అందుకే ధైర్యంగా కొట్టాను. కొట్టడానికి భయపడేది నగ అవుతుంది గాని ఆయుధం కాదు," అంది పైడమ్మ తలెత్తి.

ఆ సాయంత్రమే ఆయుధశాల తాళాలు ఆమె కొంగుకు చేరాయి.