విశ్వంభరం అడిగిన రెండో ఓటు

ఏ ప్రశ్న అడిగినా పినాకపాణి మాస్టారు కూర్చుని జవాబు చెప్పరు. "చెప్పులేసుకో" అని లేస్తారు. ఆయన వెంట తిరిగి శిష్యులు అరగదీసిన చెప్పులన్నీ పోగేస్తే మా ఊరికి ఇంకో కొండ లేచేది.

ఆ ఏడు ఉపాధ్యాయుల నియోజకవర్గం నుంచి శాసనమండలికి ఎన్నిక వచ్చింది. మండలిలో అధికార పక్షం ఎంతమందో ప్రతిపక్షమూ అంతమందే. ఇటు ఒకరు తుమ్మితే అటు ఒకరు తుమ్మి సరిచేసేవారు. ఖాళీగా ఉన్న ఆ ఒక్క కుర్చీ ఎవరిదైతే సభ వాళ్లది. అధికార పక్షం తరఫున మాస్టారి శిష్యుడు, కాలేజీ లెక్చరరు విశ్వంభరం నిలబడ్డాడు. అతని మెడలో పడ్డ దండలకు మూడు జిల్లాల్లో బంతిపూలు కరువై పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. ప్రతిపక్షం మనిషి భద్రయ్య. వీళ్లిద్దరి మధ్య, ఏ జెండా లేకుండా, పోయినేడే రిటైరైన సత్యవేణి టీచరు గొడుగేసుకుని కాలినడకన తిరుగుతోంది.

ఈ ఎన్నికలో ఓటరు ఒక్కరికే ముద్ర గుద్ది వచ్చేయడు. ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేస్తాడు. ఎవరూ సగం దాటకపోతే ఆఖరున ఉన్నవారిని తప్పించి, వారి ఓట్లను వాటి మీద రెండో అంకె ఎవరికి ఉంటే వారికి కలుపుతారు. అయినా అభ్యర్థులకు ఓ జబ్బుంది. పక్కవాడికి పొరపాటున కూడా మేలు జరగకూడదని "నాకు ఒకటి వేసి కలం ఎత్తేయండి" అని తమవాళ్లకు చెప్పుకుంటారు. విశ్వంభరమూ అదే చెప్పాడు.

పార్టీ పెద్దలు మాత్రం అతన్ని తరిమారు. సత్యవేణి ఎలాగూ ఆఖరున ఉంటుంది, వెళ్లి ఆవిడ మనుషుల రెండో ఓటు అడిగి రమ్మన్నారు. అతనికి అభిమానం అడ్డొచ్చింది.

"మాస్టారూ, రెండో చోటు ఇమ్మని ఒకరి గుమ్మం ఎక్కడం నాబోటివాడికి తగునా?"

"చెప్పులేసుకో."

వెళ్లేసరికి సత్యవేణి టీచరు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. ఇద్దరికీ మజ్జిగిచ్చి కూర్చోబెట్టింది. విశ్వంభరం విద్యావ్యవస్థ గురించి ఎత్తుకున్నాడు. ఎంతసేపు చెప్పాడంటే, ఆవిడ తన చిక్కుళ్లన్నీ ముగించి పక్కింటివాళ్లవి కూడా తెప్పించుకుంది.

"ఇంతకీ ఏం పని మీద వచ్చావు బాబూ? మొదటి ఓటైతే నాదే. నాకు నేనే వేసుకోకపోతే ఏం బాగుంటుంది!"

విశ్వంభరం మాస్టారి వైపు చూశాడు. మాస్టారు గోడ మీద బల్లిని చూస్తున్నారు.

"అదే... రెండోది..."

"ఊఁ, రెండోది?"

"మీవాళ్లచేత నాకు వేయించండి టీచరుగారూ."

"అమ్మయ్య! గొంతులో ముల్లు దిగిందా నాయనా?" అని ఆవిడ నవ్వింది. "వేయిస్తాను. మరి మీవాళ్ల రెండోది?"

"మావాళ్లది మీకెందుకండీ? నేను ఆఖరున ఎందుకుంటాను?"

"ఉండనివాడివి, ఇస్తే నీ సొమ్మేం పోయింది? చూడు బాబూ, మా ఆడ టీచర్లు పొద్దున బడికెళ్తే సాయంత్రం ఇంటికొచ్చేదాకా మంచినీళ్లు ముట్టరు. బడిలో మరుగుదొడ్డి లేదు మరి. ఉద్యోగమంతా దాహంతోనే పాఠాలు చెప్పాను. నువ్వు గెలిస్తే ఆ సంగతి నువ్వడుగు. నేను గెలిస్తే నేనడుగుతాను. ఇంతే బేరం."

విశ్వంభరం చేతిలోని మజ్జిగ గ్లాసు వైపు చూసుకుని, మెల్లగా కింద పెట్టాడు. "అలాగేనండీ" అన్నాడు.

పార్టీ పెద్దలు ఫోన్లో అరిచిన అరుపులకు అతని చెవి వారం రోజులు ఎర్రగానే ఉంది. అయినా ప్రతి సభలో "నాకు ఒకటి, సత్యవేణిగారికి రెండు" అనే చెప్పాడు.

లెక్కింపు రోజున చూస్తే, ఎన్నడూ గడప దాటి ఓటుకు రాని ఆడ టీచర్లంతా కదిలొచ్చారని తేలింది. భద్రయ్య ముందున్నాడు, కానీ సగం దాటలేదు. తర్వాత సత్యవేణి. ఆఖరున విశ్వంభరం! హాల్లో పడ్డ నిశ్శబ్దానికి ఫ్యాన్లు కూడా బెదిరి ఆగిపోయాయి. అతన్ని తప్పించి అతని ఓట్లు విప్పారు. ఏ కాగితం చూసినా రెండో అంకె సత్యవేణి పేరు పక్కనే. ఆవిడ సగం దాటేసింది.

మండలిలో ఆ పక్షమూ ఈ పక్షమూ మళ్లీ సమానంగానే మిగిలాయి, నడుమ గొడుగుతో ఈవిడ. ఏ బిల్లు గట్టెక్కాలన్నా ఆవిడ మాటే కావాలి. రెండు పార్టీల కార్లూ ఆవిడ ఇంటి సందులో ఇరుక్కుని, పాలవాడు గోడ దూకి పాలు పోయాల్సొచ్చింది. వచ్చినవాళ్లందరికీ ఆవిడ మజ్జిగిచ్చి ఒకే సంగతి అడిగింది. వానలు వెలిసేలోగా బడుల్లో మరుగుదొడ్లు లేచాయి. వాటికి వేసిన సున్నం ఆరకముందే మా ఆడవాళ్లు బళ్లో తాగిన నీళ్లకు ఊరి బావుల్లో మట్టం తగ్గింది.

ఓ మధ్యాహ్నం మాస్టారు భోజనానికి కూర్చోబోతుంటే విశ్వంభరం వచ్చాడు.

"మాస్టారూ, పార్టీవాళ్లు నన్ను ఓడినవాడంటున్నారు. నాకేమో రాత్రిళ్లు హాయిగా నిద్ర పడుతోంది. ఇంతకీ నేను ఓడానా, గెలిచానా?"

మాస్టారు పక్కన ఇంకో ఆకు వేయించారు.

"నీకు పడ్డ ఓట్లన్నీ సత్యవేణి టీచరుతో వెళ్లి మండలిలో కూర్చున్నాయి కదరా. నువ్వు ఇక్కడ కూర్చో. అన్నం చల్లారిపోతోంది."