బయట ఉండిపోయిన చెయ్యి

వాసుపల్లి నూకరత్నం, యాభై తొమ్మిదేళ్లు, రెండు చెంబుల నీళ్లతో స్నానం ముగించేది. నీళ్లకి కరువై కాదు. తాటాకు తడిక చాటున మొదటి చెంబు ఒంటి మీద పడేసరికి బయటి నుంచి మొగుడు ఎల్లాజీ కేక వేసేవాడు. చుట్టకి నిప్పు కావాలనో, తువ్వాలు కనబడలేదనో, ఏమీ లేకపోతే ఊరికే ఎక్కడ చచ్చావనో. రెండో చెంబు పోసుకుంటూనే "వత్తన్నాను" అని జవాబు చెప్పడం ఆమెకి నలభై ఏళ్ల అలవాటు.

ఈ నూకరత్నాన్ని నేను చూడలేదు. ఆమె సంగతి పేరిందేవి టీచరుగారు చెప్పగా విన్నాను. అదీ నాకు చెప్పలేదు, పాఠంలో నా పక్కన కూర్చునే హైమకి చెప్పారు.

పేరిందేవి గారు ఇరవై రెండేళ్లు దుబాసీగా పనిచేసి, ఇప్పుడు విశాఖపట్నంలో తన మేడ మీద జపాను భాష నేర్పుతున్నారు. ఆ దేశపు వృద్ధాశ్రమాల్లో ఉద్యోగాలకి వెళ్లే నర్సులే ఆమె శిష్యులు. భాష గురించి ఏమడిగినా ఆమె ఒక్క ముక్కలో చెప్పేస్తారు. బతుకు గురించి అడిగితే మాత్రం కళ్లజోడు తీసి కొంగుతో తుడుస్తూ, ఎక్కడో జరిగిన సంగతేదో మొదలుపెడతారు. అది జవాబని తెలుసుకోవడానికి కొందరికి ఒక రోజు పడుతుంది, కొందరికి ఏడాది.

హైమకి ముప్పై ఒకటి. పరీక్ష నెగ్గింది, ఉద్యోగం కాగితం వచ్చింది. సోమవారంలోగా సంతకం పెట్టి పంపాలి. ఆ శుక్రవారం పాఠం అయ్యాక లేచి నిలబడి అడిగింది.

"టీచరుగారూ, మా ఆయన వెళ్లమనడు, వద్దనడు. నీ ఇష్టం అంటాడు. అన్నాక మూడు రోజులు మాట్లాడడు, కంచం ముందు నుంచి సగంలో లేచిపోతాడు. ఆయన నోటితో సరే అనకుండా నేను వెళ్తే తప్పవుతుందా?"

"మీ ఆయన సరే అనేలోపు ఆ ఆశ్రమంలో ముసలాళ్లంతా పోతారే," అని వెనక బల్ల మీంచి ఎవరో అన్నారు. నవ్వారు. హైమ నవ్వలేదు. నీ ఇష్టం అనే మాట మన ఇళ్లలో ఆడదాని ఇష్టాన్ని చంపడానికే ఎక్కువగా వాడతారు. చేతికి నెత్తురంటదు, హత్య అయినట్టు సాక్ష్యం ఉండదు. ఆ గదిలో పెళ్లయిన వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే నవ్వు తొందరగా ఆగిపోయింది.

టీచరుగారు కళ్లజోడు తీశారు.

పన్నెండేళ్ల కిందటి మాట. చేపలు ఎండబెట్టి అమ్ముకునే మన తీరపు ఆడవాళ్ల సంఘం ఒకటి ఉండేది. అదే పని చేసే జపాను ఆడవాళ్ల సంఘం వాళ్లని పదిరోజులు రమ్మని పిలిచింది. ఐదుగురు బయల్దేరారు. సముద్రం మీదికి ఒంటరిగా వెళ్లి వచ్చినవాళ్లు కూడా అందులో ఉన్నారు. అయినా ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లలేరని సూర్యప్రకాశం గారనే ఒక అధికారిని, మాట్లాడలేరని పేరిందేవి గారిని తోడిచ్చారు.

నాలుగో రోజు వాళ్లని ఒక కొండ కింద, వేడినీటి బుగ్గ ఉన్న పాతకాలపు సత్రంలో దించారు. గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి నాలుగడుగులు వేసి వెనక్కి చూసేసరికి, ఆ చెప్పుల ముఖాలు వీధి వైపు తిప్పి వరసగా పెట్టి ఉన్నాయి.

నూకరత్నం ఆగిపోయింది. "ఏటమ్మా, రాకుండానే ఎల్లిపొమ్మంతన్నారేటి?"

"కాదు. మళ్లీ బయల్దేరేటప్పుడు నువ్వు వంగి తిప్పుకోనక్కర్లేకుండా."

నూకరత్నం ఆ చెప్పుల్ని కాసేపు చూసింది. "అయితే మనం ఎల్తామని ముందే ఒప్పేసుకున్నారన్నమాట. మంచోళ్లే."

గదిలో ఒక నడివయసు మనిషి మోకాళ్ల మీద కూర్చుని టీ పోసి ఇస్తే, నూకరత్నం కూర్చుని తాగలేకపోయింది. తనూ కిందికి దిగి, ఆ కప్పు తీసుకుని, పోసిన ఆమెకే ఇవ్వబోయింది. ఆమె దణ్ణం పెట్టింది, ఈమె దణ్ణం పెట్టింది. టీ చల్లారింది.

సాయంత్రం నాలుగు గంటలకి అందరికీ యుకాతాలిచ్చారు. స్నానానికి వెళ్లేటప్పుడు వేసుకునే వదులు నూలు అంగీలవి, చేతులు సంచుల్లా ఉంటాయి. ఆడవాళ్ల స్నానశాలకి ఎర్ర తెర, మగవాళ్లదానికి నీలం తెర. పొరపాటున కూడా ఒకరి వైపు ఒకరు వెళ్లకూడదని టీచరుగారు ముందే అందరికీ చెప్పారు. నలుగురు లోపలికి వెళ్లిపోయారు. ఐదో మనిషి నూకరత్నం తెర పైకెత్తింది. అంగీ చెయ్యి మోచేతి దాకా జారింది.

సత్రం యజమానురాలు కినుయో, అరవై దాటిన మనిషి, ఆ పక్కనే ఉంది. చూసింది. అక్కడే నేల మీద మోకాళ్లూని నుదురు చాపకి ఆనించింది.

నూకరత్నం కుడి ముంజేతి మీద మణికట్టు నుంచి మోచేతి దాకా పచ్చబొట్టు ఉంది. పైన తామరపువ్వు, కింద చేప, మధ్యలో బెత్తెడు పొడుగున వాసుపల్లి ఎల్లాజీ అనే పేరు. పెళ్లయిన రెండో నెలలో నూకాలమ్మ జాతరకి వెళ్లి, నీ పేరు నాకు, నా పేరు నీకు అనుకుని మొగుడూ పెళ్లాలు ఇద్దరూ పొడిపించుకోవడానికి కూర్చున్నారు. ముందు ఆమె. అప్పటికి ఆమెకి పదిహేడేళ్లు. ఆ తర్వాత ఆయన. సూది ఒక్కసారి దిగింది. ఎల్లాజీ అమ్మా అని లేచిపోయాడు. ఆయన చేతి మీద ఇప్పటికీ ఆ ఒక్క చుక్క ఉంది.

యజమానురాలు తల ఎత్తకుండా టీచరుగారితో చెప్పింది. "మా దగ్గర ఇలా పొడిపించుకునేది రౌడీ ముఠాల వాళ్లు. ఒక నాయకుడికి చచ్చేదాకా కట్టుబడ్డామని గుర్తు. అది కనబడితే మిగతా అతిథులు నీళ్లలోంచి లేచి వెళ్లిపోతారు. ఈ అమ్మ అటువంటిది కాదని నాకు తెలుసు. కానీ నియమం. పచ్చబొట్టుతో ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వను. క్షమించండి."

నీలం తెర దగ్గర నుంచి సూర్యప్రకాశం గారు ఇటు వచ్చారు. ఏమిటని అడిగారు. విన్నారు. ముఖం కందగడ్డ అయింది.

"రౌడీలా? అది భర్త పేరండీ! మన సంస్కృతి! ఆ పేరుకి లోపల చోటు లేదంటే ఈ సత్రంలో మనకీ చోటు లేదు. లోపలున్న వాళ్లని బయటికి రమ్మనండి. బస్సు పిలవమనండి. నేను చెప్పింది చెప్పినట్టు ఆవిడకి చెప్పండి."

ఎల్లాజీని ఆయన ఒక్కసారి కూడా చూసి ఉండరు. అయినా ఎల్లాజీ పరువు కోసం అంత దూరదేశంలో, అంగీలో, ఉత్తకాళ్లతో నిలబడి ఊగిపోయారు. పక్కనే నిలబడ్డ నూకరత్నాన్ని మాత్రం ఏమీ అడగలేదు.

టీచరుగారు ఆ మాటలు కినుయోకి చెప్పేలోపు ఆమే అడిగింది. "ఏటమ్మా గొడవ? నా సేతిని సూసి ఏటంతన్నాదావిడ?"

టీచరుగారు మాట వెతుక్కున్నారు. "చేతి మీద ఆ పేరుతో నీళ్లలోకి దిగకూడదట, నూకరత్నం. ఇక్కడి నియమం."

కారణం ఆ వెంటనే చెప్పబోయారు. నూకరత్నం అంతవరకూ ఆగలేదు. ఎర్ర తెర వైపు చూసింది, నీలం తెర వైపు చూసింది, తన చేతి వైపు చూసుకుంది.

"మరే. ఇది ఆడోళ్ల తానం కాదేటి? మగోడి పేరెలాగ తెత్తాం?" అంది. ఆమె ముఖంలో అవమానం ఎక్కడా లేదు. "న్యాయంగా ఉన్నాది." తర్వాత అధికారి వైపు తిరిగింది. "బాబూ, తవరికి కోపవెందుకు? అటేపు ఎల్లి తవరి తానం తవరు సేసుకోండి."

సూర్యప్రకాశం గారు వెళ్లిపోయారు. ఏ వైపు వెళ్లారో టీచరుగారు చూడలేదట.

ఇక్కడ వెనక బల్ల అమ్మాయి ఆగలేకపోయింది. "మరి రౌడీల సంగతి చెప్పలేదా టీచరుగారూ?"

"లేదు. ఇరవై రెండేళ్లలో నేను కావాలని మింగేసిన మాట అదొక్కటే. దుబాసీ చెయ్యకూడని పని. అయినా యజమానురాలు చెప్పిన కారణానికీ, నూకరత్నం చెప్పిన కారణానికీ ఎంత తేడా ఉందో నాకు ఇప్పటికీ తేలలేదు."

కినుయో మాత్రం, ఆమె ఏమందని అడిగింది. టీచరుగారు ఆ మాట పొల్లు పోకుండా చెప్పారు. కినుయో చాప మీంచి తల ఎత్తింది. తర్వాత అంది: "ముప్పై ఏళ్లుగా ఈ నియమం చెబుతున్నాను. ఈ కారణం నాకు తోచలేదు." లేచి ఒక తెల్లటి తువ్వాలు తెచ్చింది. పేరు కనబడకుండా ముంజేతికి చుట్టి ముడి వేసింది. ఆ చెయ్యి నీళ్లలో ముంచకపోతే లోపలికి వెళ్లవచ్చంది.

లోపల ముందు చిన్న పీటల మీద కూర్చుని ఒళ్లు రుద్దుకోవాలి. నూకరత్నం రెండు దోసిళ్లంత తొట్టె ఒకటి తీసుకుని, రెండుసార్లు పోసుకుని లేచింది. "అయిపోనాది."

"ఇది కడుక్కోవడమే. స్నానం అక్కడ," అని టీచరుగారు పొగలు కక్కుతున్న రాతి మడుగు చూపించారు.

"కడుక్కున్నాక మళ్లీ అందులో ఏటి సేత్తాం?"

"ఊరికే కూర్చుంటాం."

"ఊరికే?"

దిగింది. మెడ దాకా నీళ్లు. కుడి చెయ్యి మాత్రం రాతిగట్టు మీద, తెల్లకట్టుతో. మిగతా నలుగురూ మేలమాడారు. ఒకామె, "ఎల్లాజీ బావా, కళ్లు మూసుకో!" అంది. "ఆయన్నక్కడ కూకోనీయండే, గాలి తగుల్తాది," అంది నూకరత్నం. ఆ నవ్వుకి పైకప్పు మోగింది. కొంతసేపటికి వేడి తట్టుకోలేక ఒక్కొక్కరూ లేచి వెళ్లిపోయారు. నూకరత్నం లేవలేదు. ఉండుండి తలుపు వైపు చూస్తోంది.

"ఎవురూ పిలవరా?"

"పిలవరు."

"ఎంతసేపుండొచ్చు?"

"నీ ఇష్టం," అన్నారు టీచరుగారు.

ఇది చెబుతూ ఆమె హైమ వైపు చూడలేదు. హైమ తల దించుకుంది.

నూకరత్నం తలుపు వైపు చూడడం మానేసింది. నీళ్లలోంచి తన మోకాళ్లు చూసుకుంది. కడుపు మీద నలుగురు బిడ్డల చారలు చూసుకుంది. "నా ఒళ్లు ఇలాగుంతాదేటి? సూసుకునే తీరికే లేదు," అంది. కన్నీళ్లేమీ రాలేదు. వస్తువు పోగొట్టుకున్న మనిషి, పోయిందేమిటో ఒక్కొక్కటిగా గుర్తుచేసుకున్నట్టు చెప్పింది. కొండ వైపు కిటికీలోంచి చలిగాలి వస్తోంది.

అప్పుడు ఆమె ముఖం మారింది. ఎడమ చేత్తో కుడిచేతి వేళ్లు పట్టుకుని చూసింది.

"అమ్మా, ఒళ్లంతా వెచ్చగున్నాది. ఈ సెయ్యొక్కటే మంచులాగుంది." ఆ వేళ్లు ముడిచి చూసింది. "ఆయన్ని బయట కూకోబెట్టాననుకున్నాను. బయట కూకున్నది నా సెయ్యి."

టీచరుగారు తలుపు వైపు చూశారు. ఆ కట్టు కట్టిన కినుయో అక్కడే తువ్వాళ్లు మడతపెడుతోంది.

నూకరత్నం పళ్లతో ముడి విప్పింది. తువ్వాలు మడిచి గట్టు మీద పెట్టింది. ఆ చేతిని వేళ్ల నుంచి మణికట్టు దాకా, మణికట్టు నుంచి మోచేతి దాకా మెల్లగా నీళ్లలోకి దించింది. చేప, పేరు, తామరపువ్వు, అన్నీ మునిగాయి.

కినుయో చూసింది. సరిగ్గా అప్పుడే నడవలో అతిథుల అడుగుల చప్పుడు, ఆడవాళ్ల మాటలు దగ్గరవుతున్నాయి. కినుయో లేచి వెళ్లింది. వచ్చి కేకలేస్తుందని టీచరుగారు అనుకున్నారు. ఆమె ఎర్ర తెర బయట ఒక చెక్క పలక తగిలించింది. శుభ్రం చేస్తున్నాం, వేచి ఉండండి అని దాని మీద రాసి ఉంటుంది. వచ్చినవాళ్లకి తల వంచి క్షమాపణ చెప్పింది. లోపలికి వచ్చి తలుపు మూసి, వీపు నీళ్ల వైపు పెట్టి, మోకాళ్ల మీద కూర్చుంది. నూకరత్నం లేచేదాకా అలాగే కూర్చుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

టీచరుగారు కళ్లజోడు పెట్టుకున్నారు. హైమ సంచీలోంచి ఉద్యోగం కాగితం తీసి, మడతలు విప్పి, బల్ల మీద అరచేత్తో సాపు చేసింది. చాలాసేపు సాపు చేస్తూనే ఉంది.

"ఇంటికొచ్చాక నూకరత్నం ఏం చేసింది టీచరుగారూ?" అని అడిగింది.

"తడిక పీకించి నాలుగు గోడల స్నానాల గది కట్టించింది."

"ఆయన్ని అడిగే కట్టించిందా?"

"గడియ లోపలి వైపు పెట్టించింది," అన్నారు టీచరుగారు.